దేవదానం గారి కింద పనిచేసిన ఏళ్ళు

ఈసారి వానలు మొదలయ్యే ముందు దేవదానం గారు పోయారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆయన గురించి ఇద్దరిని అడిగితే ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి చెబుతున్నట్టుంటుంది. మా కంపెనీలో పాతవాళ్ళను అడిగితే నవ్వడం తెలియని ఫైనాన్స్ మేనేజర్ అంటారు. ఆస్పత్రి వరండాలో అడిగితే, రక్తం కావాలంటే ముందు ఫోన్ చెయ్యాల్సిన మనిషి అంటారు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆయన కిందే పనిచేశాను. ఆయన రిటైరయ్యాక ఆయన కుర్చీలోనే కూర్చుని, అక్కడి నుంచే నేనూ రిటైరయ్యాను. ఆ ఇద్దరూ ఒకే మనిషి అని నాకు తెలుసు.

అకౌంట్స్ సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఆయన పోయిన తర్వాత మా ఇంటికి వచ్చారు. ఆయన గురించి రాయమని అడిగారు. తెలుగులోనే రాస్తానన్నాను. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మాట్లాడటమే గానీ చదవడం రాదట. వాళ్ళలో ఒకమ్మాయి, "రాయండి దీదీ, మా అమ్మ చదివి వినిపిస్తాది," అంది. అందుకని చదివే అమ్మలకూ వినే పిల్లలకూ కలిపి రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, కొత్త సాఫ్ట్‌వేర్ల సంగతి ఇందులో ఉండదు. అవి మీకు ఎవరైనా చెబుతారు.

ముందు సరుకు చూడు

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చాతం రంపపు మిల్లులో పనికి చేరాడు. నేను ఇక్కడే పుట్టాను. బీకాం అయ్యాక చెన్నై నుంచి, విశాఖ నుంచి ఓడల్లో సరుకు తెప్పించి దీవులన్నిటికీ పంపే ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. మొదటి రోజు ఇస్త్రీ చీర కట్టుకుని ఆఫీసుకు వెళితే, దేవదానం గారు నన్ను కూర్చోమని కూడా అనకుండా చాతం జెట్టీకి తీసుకెళ్ళి బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కించారు. అవతలి ఒడ్డున మా గోదాం ఉంది. అక్కడ ఒక బియ్యం బస్తా మూతి విప్పి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టమన్నారు. వాసన చూడమన్నారు. పైన పొడిగా ఉన్న బియ్యం అడుగున చెమ్మగా ఉంది.

"నువ్వు రేపు కాగితం మీద రాసేది ఇదే," అన్నారు. "దీన్ని చూడకుండా రాయకమ్మా."

ఆయన కూడా ఈ దీవుల్లోనే పుట్టిన మనిషి. తెలుగు చర్చిలో పెరిగారు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ పొట్టి చేతుల తెల్ల చొక్కాలో ఉండేవారు. ఆఫీసులో ఎవరినీ పొగడగా నేను వినలేదు. కోప్పడేటప్పుడు మాత్రం గొంతు ఇంకా తగ్గిపోయేది.

చౌల్దారీ ఊరి రైతుల దగ్గర మేం కూరగాయలు కొని హోటళ్ళకు ఇచ్చేవాళ్ళం. ఒక వర్షాకాలం సరుకు బాగా పాడైందని మా సెక్షన్‌లో ఒకతను రైతుల డబ్బుల్లో కోత పెట్టాడు. కాగితం ప్రకారం అతను చేసింది సరైనదే. దేవదానం గారు అతన్నీ నన్నూ జీపులో చౌల్దారీ తీసుకెళ్ళారు. బండి దారిలో బురదలో కూరుకుపోయింది. మేం దిగి తోశాం. చివరికి అక్కడికి చేరితే, కోసిన వంకాయలు గోనెల్లో కట్టి రోడ్డు పక్కన మా లారీ కోసం పెట్టి ఉన్నాయి. లారీ ముందురోజు రావలసింది. పాడు చేసింది మేమే. కోత పెట్టినతను ఆఫీసుకు రాగానే తనంతట తానే ఆ డబ్బు రైతులకు ఇప్పించాడు.

ఇప్పుడు మీకు ఫోటోలు వస్తాయి, వీడియోలు వస్తాయి. మంచిదే. అయినా సరే, నెలకోసారైనా ఫెర్రీ ఎక్కండి.

తడిసిన బియ్యం

మీరు ఈ ఉద్యోగంలో ఉన్నంతకాలం గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ఒక ఏడాది వానలకు బాంబూఫ్లాట్ గోదాం పైకప్పు రేకులు లేచిపోయి, లోపలున్న బియ్యంలో పెద్ద భాగం తడిసి ముక్కిపోయింది. రేకులు మార్చాలని దేవదానం గారు అంతకుముందే చెప్పారు. మా యజమాని వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆయన్ని మేమంతా బడే సాబ్ అనేవాళ్ళం. ఆయన చిన్నప్పుడే ఉత్తరాది నుంచి వచ్చి, కిరాణా దుకాణంతో మొదలుపెట్టి అంత కంపెనీని నిలబెట్టిన మనిషి. చెడ్డవాడు కాదు. ఓడిపోవడం మాత్రం ఆయన ఒంటికి పడేది కాదు.

మా ఇన్సూరెన్స్ ఓడలో వచ్చే సరుకుకే ఉంది. గోదాంలో ఉన్న సరుకుకు లేదు. బడే సాబ్ దేవదానం గారిని, నన్ను పిలిచి, బియ్యం ఓడలోనే సముద్రపు నీటికి తడిసిందని క్లెయిమ్ రాయమన్నారు. ఫైనాన్స్ మేనేజర్ సంతకం లేకుండా అది కదలదు.

దేవదానం గారు కాగితం చదివి, బల్ల మీద తిరిగి పెట్టేశారు. బియ్యం ఓడ దిగినప్పుడు తాను చెయ్యి పెట్టి చూశానని, పొడిగా ఉందని చెప్పారు. బడే సాబ్ మొదట నచ్చజెప్పారు. ఆ తర్వాత కంపెనీ మునిగితే ఎందరి పొట్టలు కొట్టినట్టవుతుందో చెప్పారు. చివరికి, అంత నీతిమంతుడివైతే గోదాంలోనే ఉండి దాన్ని చూసుకో అన్నారు. మర్నాటి నుంచి దేవదానం గారిని బాంబూఫ్లాట్ గోదాంకు పంపేశారు. అక్కడ ఆయనకు ఒక స్టూలు, ఒక ఫ్యాను, కావలివాడు.

శిక్షగా పంపిన చోట ఆయన చేసిన మొదటి పని పైకప్పుకు రేకులు వేయించడం.

నా వంతు

ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీదకు వచ్చింది. తాత్కాలికంగా ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. మా ఆయనది నిలకడలేని కాంట్రాక్టు పని. బడే సాబ్ నన్ను తొందరపెట్టలేదు. "సోచో బేటీ," అన్నారంతే. ఆలోచించుకోవడానికి ఒక వారం ఇచ్చారు.

నేను ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళాను. ఆయన స్టూలు నాకిచ్చి, తాను బస్తా మీద కూర్చున్నారు. ఏం చెయ్యమంటారని అడిగాను.

"నేనెందుకు సంతకం పెట్టలేదో చెప్తాను. నువ్వేం చెయ్యాలో మాత్రం చెప్పను. నీ ఇంటి సంగతి నాకు తెల్దు," అన్నారు. "ఆ కాగితం కింద నా పేరు చూసి అవతలోడు నమ్ముతాడు. చూడడానికి ఇంత దూరం ఆడు రాలేడు కదా. ఆ నమ్మకం ఆడిది సరోజమ్మా. నా సొత్తు కాదు, నేను తీసి బడే సాబ్‌కి ఇవ్వడానికి."

మన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను చెప్పేది ఇదే. మనం లెక్క రాసేది, ఆ సరుకును ఎప్పటికీ చూడలేని వాళ్ళ కోసం. వాళ్ళ బదులు మనం చూస్తున్నాం.

తిరిగి వచ్చే ఫెర్రీలోనే నిర్ణయించుకున్నాను. మర్నాడు బడే సాబ్ గదిలోకి వెళ్ళి, నేను సంతకం పెట్టలేను సార్ అని చెప్పాను. ఆయన నా వైపు చూడకుండానే, చెన్నై నుంచి వేరే మనిషిని పిలిపిస్తానన్నారు. నేను ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన, సరే, అన్నం పెట్టు అన్నాడు.

తుష్నాబాద్ అమ్మాయి

దేవదానం గారి రెండో పని గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన చిన్నతనంలో వాళ్ళమ్మ కాన్పులో రక్తం దొరక్క పోయింది. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. సముద్రం పోటెత్తితే, విమానాలు ఆగిపోతే, మన దీవులకు బయటి నుంచి ఏదీ రాదు. బియ్యమైతే ముందే తెచ్చి గోదాంలో పెట్టుకోవచ్చు. రక్తం అన్నాళ్ళు నిలవ ఉండదు. ఇచ్చే మనుషులే ఊళ్ళో ఉండాలి. అందుకని ఆయన ముందు చర్చి కుర్రాళ్ళను, తర్వాత జెట్టీ కూలీలను, బడి పంతుళ్ళను, చివరికి ఊళ్ళో అన్ని మతాల వాళ్ళను పోగుచేశారు. మా కంపెనీ గుర్తింపు కార్డుల మీద అందరి రక్తం గ్రూపు వేయించారు. యజమానికి కూడా.

నేను సంతకం పెట్టనన్న కొద్ది రోజులకు తుఫాను పట్టింది. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది. తుష్నాబాద్ నుంచి అనిత అనే అమ్మాయిని కాన్పుకు తెచ్చారు. బిడ్డ బయటపడింది గానీ తల్లికి రక్తం ఆగడం లేదు. ఓ నెగెటివ్. ఆస్పత్రిలో ఉన్న కాస్తా ఎక్కించేశారు. ఇంకా కావాలి.

ఫెర్రీలు ఆపేసే ముందు ఆఖరిది పట్టుకుని ఆయన చాతం చేరారు. ఆలోగా నన్ను మిగతా ఓ నెగెటివ్ వాళ్ళను వెతకమన్నారు. ఒకాయన చెన్నై వెళ్ళాడు. ఒకామె కడుపుతో ఉంది. ఒక కుర్రాడు ఈ మధ్యే ఇచ్చాడు, అప్పుడే మళ్ళీ తీసుకోరు. నేను జెట్టీ దగ్గర గొడుగు వంగిపోతుంటే పట్టుకుని నిలబడి ఇదంతా చెప్పాను. ఆయన విని, ఆటోవాడికి బడే సాబ్ ఇంటి గుర్తులు చెప్పారు. యజమాని కార్డు మీద ఉన్నదీ ఓ నెగెటివే.

బడే సాబ్ వరండాలో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ముందు ఉద్యోగాల గురించి వచ్చామనుకున్నారు. దేవదానం గారు తడి బట్టలతో మెట్ల మీదే నిలబడి సంగతి చెప్పారు. బడే సాబ్ కుర్చీలోంచి లేవకుండానే అడిగారు.

"నేను ఒక్క సంతకం అడిగితే లేదన్నావు. యాద్ హై?"

"యాద్ హై సాబ్, గుర్తుంది. ఆ రోజు మీరడిగింది నాది కాదు, ఇవ్వలేకపోయాను. ఇది మీదే. ఇస్తారో లేదో మీ ఇష్టం. ఆ పిల్లకి మాత్రం ఎక్కువ టైం లేదు."

బడే సాబ్ భార్య తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. లోపలికి వెళ్ళి ఆయన చెప్పులు, గొడుగు తెచ్చి ఆయన ముందు పెట్టారు. బడే సాబ్ లేచి మాతో ఆస్పత్రికి వచ్చారు.

అంత మనిషికి సూదంటే భయమని ఆ రోజే నాకు తెలిసింది. ఆయన గోడ వైపు మొహం తిప్పుకుని పడుకున్నారు. దేవదానం గారు పక్కన కూర్చుని ఆ ఏడాది విశాఖ ఓడలు ఆలస్యంగా వస్తున్న సంగతి మాట్లాడుతూ ఉన్నారు. రక్తం ఇచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చుని బడే సాబ్ టీ తాగుతుంటే, అనిత మొగుడు వచ్చి ఆయన కాళ్ళు పట్టుకోబోయాడు. పొలం బట్టల్లో ఉన్నాడు, మోకాళ్ళ దాకా బురద. రక్తం ఇచ్చింది ఈయనే అని తప్ప, ఈయన ఎవరో అతనికి తెలియదు. బడే సాబ్ కాళ్ళు వెనక్కి లాక్కుని, "అరే భయ్యా, పోయి నీ భార్య దగ్గరుండు," అన్నారు.

అతను వెళ్ళాక దేవదానం గారి వైపు తిరిగి, "దీనికీ దానికీ సంబంధం లేదు. సమఝే?" అన్నారు.

"సంబంధం లేదు సాబ్," అన్నారు ఈయన.

సాయంత్రానికి అనితకు రక్తస్రావం తగ్గింది. సముద్రం నెమ్మదించిన తర్వాత బిడ్డతో తుష్నాబాద్ వెళ్ళిపోయింది.

తుఫాను వెలిసిన తర్వాత ఒక పొద్దున బడే సాబ్ ఎవరికీ చెప్పకుండా బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కారు. అంతకుముందు ఆయన ఆ గోదాంలో అడుగుపెట్టి ఏళ్ళయింది. కొత్త రేకుల కింద నిలబడి పైకి చూశారట. తడిసిన బస్తాలు ఒక మూల ఇంకా ఉన్నాయి. ఒకటి విప్పించి చూసి, ముక్కు మూసుకున్నారట. ఆఫీసుకు వచ్చి క్లెయిమ్ మాట మళ్ళీ ఎత్తలేదు. చెన్నై నుంచి ఎవరూ రాలేదు. ఆ తర్వాతి సోమవారం నుంచి దేవదానం గారు తన కుర్చీలో ఉన్నారు. రక్తం ఇచ్చినందుకే బడే సాబ్ మారారని ఊళ్ళో చెప్పుకుంటారు. నాకు అలా అనిపించదు. తన కళ్ళతో చూసిన తర్వాత ఓడలో తడిసిందని అనడం ఆయన వల్ల కాలేదు, అంతే.

ఆయనతో నాకు కుదరనివి

చనిపోయిన వాళ్ళ గురించి అంతా మంచే రాస్తే మీకు పనికిరాదు.

ఆ బియ్యం నష్టం కంపెనీయే భరించింది. ఆ ఏడాది ఎవరికీ బోనస్ లేదు. స్టాఫ్ అంతా దేవదానం గారి మీద మండిపడ్డారు. సంతకం పెట్టి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళ డబ్బేగా పోయేది అన్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. తాను చేసింది సరైనదైనప్పుడు చెప్పుకోవడం ఎందుకని ఆయన పద్ధతి. అది తప్పని అప్పుడే ఆయన మొహం మీదే చెప్పాను. మన నిర్ణయానికి పక్కవాడి ఇంట్లో పండగ తగ్గిపోతే, ఎందుకో వాడికి చెప్పాల్సిన బాధ్యత మనదే. ఆయన వినలేదు. అందుకని నేనే మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ మొదటి నుంచి చెప్పాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. కానీ ఆ రోజు నుంచి ఎవరూ ఆయన వెనక గుసగుసలాడలేదు. ఎదురుగానే పోట్లాడారు. ఆఫీసుకు అది ఆరోగ్యం.

రక్తం పనిలోనూ ఆయనకు ఒక పెద్ద లోపం ఉండేది. ఎవరిది ఏ గ్రూపు, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, ఎవరిని ఎలా అడగాలి, అంతా ఆయన తలలోనే ఉండేది. ఆయనకు గుండె జబ్బు వచ్చి ఆస్పత్రిలో పడ్డప్పుడు, బయట రక్తం కోసం వచ్చిన వాళ్ళు ఎవరిని అడగాలో తెలియక తిరిగారు. ఆయన భార్య రూతమ్మ గారు మంచం పక్కన కూర్చుని, "మీరొక్కరే చెయ్యాలని దేవుడు చెప్పాడేటి," అన్నారు. ఆమె ఆయన మీద గొంతెత్తగా నేను విన్నది అదొక్కసారే. ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నారు గానీ, విన్నారు. ఇంటికి వచ్చాక నలుగురు పిల్లలను పిలిచి అన్నీ నేర్పారు. వాళ్ళలో ఒకమ్మాయి సునీత, బాంబూఫ్లాట్‌లో టీచరు. ఆయనకన్నా బాగా చేస్తుంది, ఎందుకంటే ఇచ్చినవాళ్ళకు థాంక్స్ చెబుతుంది.

ఒక్కరే అన్నీ మోసే మనిషిని చూసి మెచ్చుకోకండి. ఆయన సెలవు పెట్టిన రోజు ఏమవుతుందో అడగండి.

సమాధి దగ్గర

ఆయన నిద్రలోనే పోయారు. మర్నాడు తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక శ్మశానానికి తీసుకెళ్ళాం. ఆకాశం మబ్బుపట్టి ఉంది గానీ వాన లేదు. జెట్టీ కూలీలు, నర్సులు, రిక్షావాళ్ళు, మా పాత స్టాఫ్, బడే సాబ్ కూతురు, చాలామంది వచ్చారు. ఆయన్ని ముఖాముఖి ఎరగని వాళ్ళు కూడా ఉన్నారు. పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నారు. మనుషులు ఒక్కొక్కరుగా వచ్చి పిడికెడు మట్టి వేస్తున్నారు.

అప్పుడే సునీత ఫోన్ మోగింది. ఆమె పక్కకు వెళ్ళి, మెల్లగా మాట్లాడి తిరిగి వచ్చింది. ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూసింది. యాక్సిడెంట్ కేసు, బీ పాజిటివ్ చాలా కావాలట. ఇప్పుడెలా ఆంటీ అని నన్ను అడిగింది. ఆ మాట రూతమ్మ గారి చెవిన పడింది.

ఆమె పాస్టర్ గారి వైపు చెయ్యి ఎత్తి ఆపమని సైగ చేశారు. జనం వైపు తిరిగారు.

"బీ పాజిటివ్ వాళ్ళుంటే ఎల్లండి బాబూ. ఇక్కడ ఆయన దగ్గర మేం ఉంటాం."

ముందు జెట్టీ మనిషి ఒకడు చేతులు దులుపుకుని బయలుదేరాడు. తర్వాత ఇద్దరు నర్సులు, మా అకౌంట్స్ కుర్రాడు, ఆ వెనక నేనెరగని వాళ్ళు. కొందరు గేటు దగ్గర కొళాయి కింద మట్టి చేతులు కడుక్కుని ఆటోలు ఎక్కారు. సునీత వాళ్ళ వెనకే పరుగెత్తింది. సమాధి చుట్టూ జనం సగానికి సగం పలచబడ్డారు.

నాకు వయసు దాటింది, నా రక్తం ఇక తీసుకోరు. నేను రూతమ్మ గారి పక్కన నిలబడ్డాను. పాస్టర్ గారు ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఉన్నవాళ్ళం తక్కువమందిమే కాబట్టి, వెళ్ళిన వాళ్ళ వంతు మట్టి కూడా మేమే వేశాం.